పడవకు ఔట్‌బోర్డ్ ఇంజను: ఎంపిక, కొనుగోలు, సంరక్షణ

7.0 పరిచయం

రోడ్డు మీద మోటారు సైకిలు ఆగిపోతే దిగి నెట్టుకుంటూ పోవచ్చు. తీరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో పడవ ఇంజను ఆగిపోతే ఆ వీలు లేదు. గాలి ఎటు వీస్తే అటు, నీరు ఎటు లాగితే అటు పోవలసిందే. అలా ఆగిపోయే ఇంజన్లలో ఎక్కువ భాగం పెద్ద లోపాల వల్ల ఆగవు. ఉప్పు పేరుకున్న సన్నని గొట్టం, అరిగిపోయిన రబ్బరు చక్రం, ట్యాంకు అడుగున చేరిన నీరు వంటి చిన్న కారణాలే ఉంటాయి. అందుకే ఈ పాఠంలో సిద్ధాంతం తక్కువగా, చేతిపని ఎక్కువగా ఉంటుంది.

గత భాగంలో పడవ పొట్టు ఆకృతి గురించి, దాని మీద నీటి నిరోధం గురించి చదివారు. ఈ భాగం పూర్తి చేశాక మీరు మీ పడవకు ఎంత శక్తి గల ఇంజను సరిపోతుందో లెక్క కట్టగలుగుతారు. కొత్తదైనా పాతదైనా ఇంజనును పరీక్షించి కొనగలుగుతారు. ఉప్పునీటిలో దాన్ని పదికాలాల పాటు నిలబెట్టే పనులను సొంతంగా చేసుకోగలుగుతారు. మీలో కొందరు వేటకు వెళ్లే కుటుంబాల వారు, కొందరు మత్స్య సహాయకులు, మరికొందరు నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల మీద పడవలు నడిపేవారు. ఉదాహరణలు ఎక్కువగా సముద్రం నుంచే తీసుకున్నా, మంచినీటికి వర్తించే తేడాలను అక్కడక్కడ చెబుతాను.

7.1 ఔట్‌బోర్డ్ ఇంజను నిర్మాణం

పడవ లోపల కాకుండా వెనుక అంచుకు, అంటే అమరానికి, బయట తగిలించే ఇంజను కనుక దీనికి ఆ పేరు వచ్చింది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన నమూనాతో ఇది వ్యాపారపరంగా నిలదొక్కుకుంది. నూరేళ్లు దాటినా దాని రూపురేఖలు పెద్దగా మారలేదు. పైన మూత కింద ఇంజను, మధ్యలో నిలువు షాఫ్టు ఉన్న కాలు, కింద నీటిలో గేరు పెట్టె, దానికి ప్రొపెల్లర్. ఈ ప్రొపెల్లర్‌నే మన రేవుల్లో చాలామంది ఫ్యాను అంటారు. వేరే చుక్కాని అవసరం లేదు. ఇంజను మొత్తాన్ని పక్కకు తిప్పితే పడవ తిరుగుతుంది. లోతు తక్కువైన చోట, ఒడ్డుకు చేర్చేటప్పుడు కాలును పైకి లేపవచ్చు. అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి పడవను ఎక్కించే మన తీరానికి ఈ చివరి సౌకర్యమే అన్నిటికన్నా ముఖ్యం.

7.2 ఎంత శక్తి కావాలి?

ఇంజను కొనబోయేవారు అడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని హెచ్‌పీ?' అని. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: నా పడవ ఎంత వేగం దాకా తేలికగా పోగలదు?

నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పడవకు ఒక సహజ వేగ పరిమితి ఉంటుంది. నీటి మట్టం వద్ద పడవ పొడవును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 2.43తో హెచ్చిస్తే ఆ పరిమితి నాట్లలో వస్తుంది. నీటి మట్టం వద్ద 7 మీటర్ల పొడవున్న ఫైబర్ పడవను తీసుకుందాం. 7కు వర్గమూలం సుమారు 2.65. దాన్ని 2.43తో హెచ్చిస్తే సుమారు 6.4 నాట్లు. ఆ వేగానికి చేరేసరికి పడవ తాను లేపిన అలకు తానే ఎదురెక్కవలసి వస్తుంది. అక్కడి నుంచి ఇంజను శక్తిని రెట్టింపు చేసినా వేగం కొద్దిగానే పెరుగుతుంది, అల మాత్రం బాగా పెరుగుతుంది. తేలికైన, అడుగు చదునుగా ఉన్న పడవలు ఈ పరిమితిని దాటి నీటి పైకి లేచి జారుతూ పోగలవు. వల, మంచు, చేపలు, నలుగురు మనుషులతో నిండిన వేట పడవకు అది సాధ్యం కాదు.

ఈ పరిమితికి లోపల కూడా వేగానికి చెల్లించే ధర ఎక్కువే. కావలసిన శక్తి స్థూలంగా వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. ఒక లెక్క చూద్దాం. మీ పడవ 5 నాట్ల వేగంతో పోతే గంటకు 2 లీటర్ల పెట్రోలు తాగుతుందనుకోండి. వేట చోటు 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు. 5 నాట్ల వేగంతో 2 గంటల 24 నిమిషాలు పడుతుంది, 4.8 లీటర్లు ఖర్చవుతుంది. అదే పడవను 6 నాట్లతో నడిపితే శక్తి 1.73 రెట్లు కావాలి, కనుక గంటకు సుమారు 3.46 లీటర్లు. సరిగ్గా 2 గంటల్లో చేరతారు, 6.9 లీటర్లు ఖర్చవుతుంది. రానూ పోనూ కలిపితే 9.6 లీటర్లకు బదులు 13.8 లీటర్లు. ప్రతి వైపు ఆదా అయిన 24 నిమిషాల కోసం 4.2 లీటర్లు అదనంగా కాల్చారు. లీటరు 110 రూపాయలు అనుకుంటే వేటకు 460 రూపాయల పైమాటే. నెలకు ఇరవై వేటలకు వెళితే దాదాపు 9,300 రూపాయలు.

ఇంజను ఇంధనాన్ని వాడుకునే సామర్థ్యం అన్ని వేగాల వద్ద ఒకేలా ఉండదు కనుక మీ పడవలో ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి. దిశ మాత్రం మారదు. చేపల ధర పడిపోయిన రోజున పెద్ద ఇంజను యజమాని అప్పు తీర్చలేకపోవడానికి, చిన్న ఇంజను యజమాని తీర్చగలగడానికి గల కారణం తరచుగా ఈ లెక్కలోనే ఉంటుంది.

అలాగని మరీ చిన్న ఇంజను కూడా పనికిరాదు. మొగ దగ్గర పాటు నీరు బలంగా బయటికి లాగుతున్నప్పుడు, ఎదురుగాలిలో, ఒడ్డు అలలు దాటేటప్పుడు చేతిలో కొంత శక్తి మిగిలి ఉండాలి. మామూలు ప్రయాణం పూర్తి శక్తిలో మూడింట రెండు వంతులతో జరిగేలా చూసుకోండి. మిగతాది అవసరానికి. 7 మీటర్ల వేట పడవకు 9.9 నుంచి 15 అశ్వశక్తి మధ్య వెతకమని నేను చెబుతాను. ఈ 9.9 అనే వింత అంకె ఎక్కడిదని విద్యార్థులు ప్రతి ఏడాదీ అడుగుతుంటారు. అమెరికాలో కొన్ని సరస్సుల మీద 10 అశ్వశక్తికి లోపు ఇంజన్లకే అనుమతి ఉండటం వల్ల కంపెనీలు ఆ గీతకు కాస్త ఇవతల ఆగాయి. బాటా చెప్పుల ధర లాంటిదే ఇదీ.

7.3 రెండు స్ట్రోకులు, నాలుగు స్ట్రోకులు, మరికొన్ని

రెండు స్ట్రోకుల ఇంజను తేలిక, భాగాలు తక్కువ, ఊరి మెకానిక్ విప్పి బిగించగలడు. దీని లోపం దాని పని తీరులోనే ఉంది. కాలిన వాయువును బయటికి నెట్టే పనిని కొత్తగా వచ్చే ఇంధన మిశ్రమమే చేస్తుంది. ఆ తోపులో మిశ్రమంలో కొంత భాగం కాలకుండానే బయటికి పోతుంది. పాత కార్బురేటర్ రకాల్లో ఈ నష్టం 30 శాతం దాకా ఉండవచ్చు. మీరు కొన్న పెట్రోలులో కొంత నేరుగా సముద్రం పాలవుతోందన్న మాట.

నాలుగు స్ట్రోకుల ఇంజను అదే పనికి తక్కువ ఇంధనం తీసుకుంటుంది, శబ్దం తక్కువ, పెట్రోలులో ఆయిలు కలపనక్కరలేదు. బరువు ఎక్కువ, ధర ఎక్కువ. 9.9 అశ్వశక్తి ఇంజను సుమారు 40 కిలోలు తూగుతుంది. దాన్ని భుజాన వేసుకొని రోజూ ఇసుకలో నడవవలసిన మనిషి ఎవరో కొనే ముందే ఆలోచించుకోవాలి. రోజుకు నాలుగైదు గంటలు ఇంజను నడిచేవారికి నాలుగు స్ట్రోకులే లాభమని నా అభిప్రాయం. వారానికి ఒకసారి ఏరు దాటడానికి వాడేవారికి ఆ అదనపు ధర తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

కేరళ తీరంలో కిరోసిన్‌తో నడిచే ఔట్‌బోర్డ్‌లు విస్తారంగా ఉన్నాయి. వీటిని పెట్రోలుతో మొదలుపెట్టి, ఇంజను వేడెక్కాక కిరోసిన్‌కు మార్చి, ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మారుస్తారు. ఆ చివరి మార్పు మరిచిపోతే మరునాడు ఇంజను మొండికేస్తుంది. మన తీరంలో ఔట్‌బోర్డ్‌తో పాటు పొడవాటి కడ్డీ చివర ప్రొపెల్లర్ ఉన్న ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్లూ కనిపిస్తాయి. చప్పుడు, అదురు భరించలేనంత ఉన్నా, డీజిల్ ఇంజను గంటకు ఒక్కో అశ్వశక్తికి దాదాపు పావు లీటరులోపే తాగుతుంది. రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజను అంతకు రెట్టింపు దాకా తాగుతుంది. మీ రేవులో డీజిల్ ఇంజన్లే నడుస్తూ, విడిభాగాలు వాటికే దొరుకుతుంటే, ఈ పాఠం చదివాక కూడా మీరు డీజిలునే ఎంచుకోవచ్చు. అది తప్పు నిర్ణయమేమీ కాదు. బ్యాటరీతో నడిచే ఔట్‌బోర్డ్‌లు నిశ్చలమైన జలాశయాల మీద, చిన్న దూరాలకు బాగున్నాయి. సముద్రపు వేటకు అవసరమైన గంటలకు బ్యాటరీ బరువు, ధర ఇంకా అందుబాటులోకి రాలేదు.

7.4 షాఫ్టు పొడవు, ప్రొపెల్లర్ పిచ్

ఒకే శక్తి గల ఇంజను మూడు కాలు పొడవుల్లో వస్తుంది: 15 అంగుళాలు, 20 అంగుళాలు, 25 అంగుళాలు. ఇంజను తగిలించే పలక పై అంచు నుంచి పడవ అడుగు వరకు నిలువుగా కొలవండి. ఆ కొలతకు దగ్గరగా ఉన్న పొడవు తీసుకోండి. ప్రొపెల్లర్‌కు కాస్త పైన గేరు పెట్టె మీద ఒక అడ్డ రేకు ఉంటుంది. ఇంజను బిగించాక ఆ రేకు పడవ అడుగుతో సమంగానో, అంగుళం కిందికో ఉండాలి. పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలిని లాగి ఊరికే తిరుగుతుంది, ఇంజను అరుస్తుంది, పడవ కదలదు. మరీ కిందికి ఉంటే కాలే ఒక లంగరులా నీటిని ఈడుస్తుంది. రెండు కొసలూ కూచిగా ఉన్న పడవల్లో తగిలించడానికి సరైన పలక ఉండదు. పక్కకు బ్రాకెట్ వేయించాలి. అలాంటప్పుడు బ్రాకెట్ వేశాక కొలవాలి, ముందు కాదు.

ప్రొపెల్లర్ మీద రెండు అంకెలు చెక్కి ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్. మెత్తని చెక్కలో మర దిగినట్లు ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో పిచ్ చెబుతుంది. నీరు చెక్క కాదు కనుక నిజంగా అంత పోదు. కంపెనీలు ఇంజనుతో ఇచ్చే ప్రొపెల్లర్ తరచుగా తేలిక పడవకు సరిపోయేది. దాన్నే బరువైన వేట పడవకు వాడితే, మూడో గేరులో మోటారు సైకిలును ఘాట్ రోడ్డు ఎక్కించినట్లు ఇంజను మూలుగుతుంది. వేగం రాదు, పెట్రోలు తాగుతుంది, లోపల మసి పడుతుంది.

పరీక్ష సులభం. పడవలో మామూలుగా ఉండే పూర్తి బరువు వేసి, నిశ్చలమైన నీటిలో, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిమిషానికి చుట్లు కొలిచే మీటరు పెట్టండి. ఇంజను పుస్తకంలో పూర్తి థ్రాటిల్ వద్ద ఉండవలసిన హద్దులు ఇస్తారు, ఉదాహరణకు 5,000 నుంచి 6,000. మీకు 4,500 మాత్రమే వస్తే పిచ్ ఎక్కువైనట్లు. పిచ్ అంగుళం తగ్గిస్తే సుమారు 200 చుట్లు పెరుగుతాయి. కాబట్టి మూడు అంగుళాలు తక్కువ పిచ్ గలది అడగాలి. చాలా ఇంజన్లలో ప్రొపెల్లర్ లోపల రబ్బరు బుష్, కొన్ని చిన్న ఇంజన్లలో అడ్డంగా తెగిపోయే పిన్ను ఉంటాయి. రాయి తగిలితే ముందుగా ఇవి పోవాలి, గేరు మిగలాలి. ఆ పిన్ను తెగినప్పుడు దాని చోట ఇనుప మేకు దిగ్గొట్టిన ఇంజన్లను నేను చాలా రేవుల్లో చూశాను. అయిదు రూపాయల మేకుతో వేల రూపాయల గేరు పెట్టెకు రక్షణ తీసేసినట్లే. రెండు పిన్నులు, ఒక స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ పడవలో ఉంచుకోండి.

ఇప్పుడు ప్రయత్నించండి: మీకు అందుబాటులో ఉన్న ఏదైనా పడవ నీటిమట్టపు పొడవు, పలక ఎత్తు కొలిచి, దాని సహజ వేగ పరిమితినీ, కావలసిన షాఫ్టు పొడవునూ రాయండి. ఇప్పటికే ఇంజను ఉంటే అడ్డ రేకు ఎక్కడ ఉందో చూసి మీ లెక్కతో పోల్చండి.

7.5 కొనుగోలు

యమహా, సుజుకి, మెర్క్యురీ, హోండా, తొహాత్సు వంటి పేర్లన్నిటికీ ప్రపంచంలో మంచి పేరే ఉంది. మీరు చూడవలసింది ఆ పేరును కాదు. మీ రేవుకు గంట ప్రయాణంలో ఆ కంపెనీ నీటి పంపు కిట్ దొరుకుతుందా, దాన్ని విప్పడం తెలిసిన మనిషి ఉన్నాడా అన్నది చూడాలి. వేట సీజనులో విడిభాగం కోసం పది రోజులు ఎదురుచూసిన ఇంజను, ఎంత గొప్పదైనా, ఆ పది రోజులూ మీకు చుట్టపు చూపుగా వచ్చిన బరువే. ఎవిన్‌రూడ్ ఇంజన్ల తయారీ 2020లో ఆగిపోయింది. అలాంటి పాత ఇంజను చవకగా వస్తుంటే భాగాల సంగతి ముందు తేల్చుకోండి.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైంది. దాని కింద వ్యక్తిగత లబ్ధిదారుల పథకాల్లో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం సాయం నిర్ణయించారు. మీకు వర్తించే పథకం, దరఖాస్తు తేదీలను గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుడిని అడిగి తెలుసుకోండి. ఇంజను అమర్చిన పడవకు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు ఉండాలి. బిల్లు మీద ఇంజను నంబరు స్పష్టంగా రాయించుకోండి. దొంగతనం జరిగిన రోజున ఆ ఒక్క గీతే సాక్ష్యం.

పాత ఇంజను కొనేటప్పుడు అమ్మేవారి మాటల కన్నా ఇంజను చెప్పేది వినాలి. వెళ్లగానే మూత తీసి సిలిండరు పక్కన చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే నడిపారని అర్థం. చల్లని ఇంజను ఎలా మొదలవుతుందో దాచడానికే అలా చేస్తారు. చల్లారేదాకా కూర్చోండి, టీ తాగండి, తరువాత తాడు లాగండి. గేరు పెట్టె కింది మరను కాస్త వదులు చేసి నాలుగు చుక్కల నూనె తెల్ల కాగితం మీద పట్టండి. మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరింది. వేలికి లోహపు రజను తగిలితే పళ్లు అరుగుతున్నాయి. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ మీటరుతో ప్రతి సిలిండరునూ కొలిపించండి. అంకె ఎంత అన్నదాని కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 15 శాతం దాటితే బేరం వదిలేయడం మంచిది. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి షాఫ్టు వణుకుతుందేమో చూడండి. కొత్తగా వేసిన మెరిసే రంగును చూసి మురిసిపోవద్దు. రంగు కింద ఏముందో మరల తలలు చెబుతాయి. వాటి మీది గీతలు ఎన్నిసార్లు, ఎలాంటి పనివాడు విప్పాడో చూపిస్తాయి.

కొత్త ఇంజనుకు మొదటి పది గంటలు పథ్యం ఉంటుంది. మొదటి గంట నెమ్మదిగా, తరువాత సగం వేగంతో, ఒకే వేగం మీద ఎక్కువ సేపు నిలపకుండా నడపాలి. ఈ పది గంటల తరువాత, ఇరవై గంటలు దాటకుండా, గేరు నూనె మార్చాలి. నాలుగు స్ట్రోకుల ఇంజనుకైతే ఇంజను ఆయిలు కూడా మార్చాలి.

7.6 నీరే ప్రాణం, ఉప్పే శత్రువు

ఔట్‌బోర్డ్‌కు రేడియేటరు లేదు. కింద ఉన్న పంపు సముద్రపు నీటిని లాగి, సిలిండర్ల చుట్టూ తిప్పి, బయటికి వదులుతుంది. అందులో కొంత నీరు ఒక సన్నని ధారగా పక్క నుంచి చిమ్ముతుంది. ఇంజను మొదలుపెట్టగానే మీ కళ్లు ముందు ఆ ధార మీదికే పోవాలి. అది రాకపోతే వెంటనే ఆపండి. అన్నిసార్లూ పంపే పోయి ఉండదు. ఆ రంధ్రంలో ఇసుకో ఉప్పో అడ్డుపడి ఉండవచ్చు. సన్నని తీగ గుచ్చి చూడండి. అప్పటికీ రాకపోతే పంపును అనుమానించాలి.

పంపులో ఉండేది రబ్బరు రెక్కల చిన్న చక్రం. దానికి నీరే కందెన. ఒడ్డు మీద 'ఒక్కసారి మోగుతుందేమో చూద్దాం' అని నీరు లేకుండా ఇంజను నడిపితే నిమిషంలోపే ఆ రెక్కలు కాలి ముడుచుకుపోవచ్చు. ఇసుక తీరాల్లో ఈ చక్రం త్వరగా అరుగుతుంది. ఏడాదికి ఒకసారి, పాడైనా పాడవకపోయినా, మార్చేయండి. ఇంజను మొత్తం ధరలో అది లెక్కలోకి రాని ఖర్చు. మార్చేటప్పుడు పాత చక్రానికి ఒక రెక్క తక్కువైతే ఆ ముక్క ఎక్కడో గొట్టంలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వెతికి తీయకపోతే కొత్త చక్రం వేసినా ఫలితం ఉండదు.

వేట నుంచి వచ్చాక మంచినీటితో కడగడం అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు. పైపైన బకెట్టుతో పోస్తే చాలదు, ఉప్పు లోపలి దారుల్లో ఉంటుంది. వేడి ఇంజనులో నీరు ఆవిరై ఉప్పు గడ్డకట్టి, నెలల తరబడి పేరుకుని, చివరికి దారి మూసుకుపోతుంది. రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పై భాగం కోసి, గట్టి చట్రానికి ఇంజనును తగిలించి, అడ్డ రేకు మునిగేంత మంచినీరు పోసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, నెమ్మదిగా పది నిమిషాలు నడపండి. గొట్టం తగిలించే అమరిక మీ ఇంజనుకు ఉంటే పుస్తకంలో చెప్పినట్లు దాన్ని వాడవచ్చు. మంచినీటి కొరత ఉన్న తీర గ్రామాల్లో రోజూ ఇది కష్టమే. రెండు మూడు కుటుంబాలు ఒకే డ్రమ్మును పంచుకోవచ్చు, నీరు ఉప్పనయ్యాక మార్చవచ్చు. కడిగాక ఇంజనును నిటారుగా ఉంచి నీరంతా కారిపోనివ్వండి. మోసేటప్పుడు తల భాగం కాలు కన్నా కిందికి పోకూడదు. పోతే ఎగ్జాస్టులో మిగిలిన నీరు సిలిండరులోకి దిగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనును పడుకోబెట్టడానికి ఒకే పక్క సరైనది. ఆ పక్క ఏదో దాని మీదే గుర్తు ఉంటుంది.

కాలు మీద అక్కడక్కడ బూడిద రంగు లోహపు ముక్కలు బిగించి ఉంటాయి. వీటిని ఆనోడ్‌లు అంటారు. ఉప్పునీటిలో అల్యూమినియం, స్టీలు పక్కపక్కన ఉంటే అదొక బ్యాటరీలా పనిచేసి అల్యూమినియంను తినేస్తుంది. ఆ తినే ఆకలికి మరింత చురుకైన లోహాన్ని మేతగా వేయడమే ఆనోడ్ పని. అవి కరిగిపోతున్నాయని బాధపడనక్కరలేదు, కరగడానికే ఉన్నాయి. సగానికి పైగా కరిగితే మార్చండి. వాటి మీద రంగు వేయవద్దు. రంగు వేసిన ఆనోడ్ ఉన్నా లేనట్లే. జింక్ ఆనోడ్ సముద్రంలో బాగుంటుంది. పూర్తి మంచినీటిలో దాని మీద పొర కట్టి పని మానేస్తుంది. గోదావరి పాయల్లో, మొగల దగ్గర, ఉప్పూ మంచీ కలిసే చోట తిరిగే పడవలకు అల్యూమినియం ఆనోడ్‌లు అడగండి. జలాశయాలకు మెగ్నీషియం ఆనోడ్‌లు ఉన్నాయి. వాటిని సముద్రంలోకి తెస్తే చూస్తుండగానే కరిగిపోతాయి.

7.7 ఇంధనం

రెండు స్ట్రోకుల ఇంజనుకు సాధారణంగా 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, పది లీటర్లకు 200. కొత్తదనంలో రెట్టింపు కలపమని కొన్ని పుస్తకాలు చెబుతాయి. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండే సముద్ర ఇంజన్ల ఆయిలే వాడాలి. మోటారు సైకిలు ఆయిలు గాలితో చల్లబడే, ఎక్కువ వేడిమీద నడిచే ఇంజనుకు తయారైంది. నీటితో చల్లబడే ఔట్‌బోర్డ్‌లో అది సరిగా కాలక ప్లగ్గుల మీద, పిస్టన్ గాళ్లలో పేరుకుంటుంది.

ఇటీవలి పెద్ద సమస్య ఇథనాల్. మన దేశంలో 2023 నుంచి ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది, ఇప్పుడు అదే సర్వసాధారణం. చాలా ఔట్‌బోర్డ్ కంపెనీలు తమ పుస్తకాల్లో 10 శాతం దాకా మాత్రమే అనుమతిస్తాయి. కొనే ముందు ఈ ప్రశ్న డీలరును అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, లేకపోతే వారంటీ దగ్గర వాదం వస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కారులో ఇది పెద్దగా తెలియదు. సముద్రపు గాలిలో, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో, వారాల తరబడి నిలవ ఉంటే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజనుకు పెట్రోలు వెళ్లే గొట్టం నోరూ అడుగునే ఉంటుంది. కాబట్టి వేటకు సరిపడా, కొంత అదనంగా మాత్రమే కొనండి. ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య నీటిని వేరుచేసే ఫిల్టరు బిగించండి. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడుతున్నాయేమో నెలకోసారి నొక్కి చూడండి. నాలుగైదు రోజులు వేట లేదంటే గొట్టం ఊడదీసి, కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలును దాని కింది మర విప్పి వంచేయండి.

ఇంజను అయిదు నిమిషాలు బాగా నడిచి ఆగిపోతే, మళ్లీ కాసేపటికి మొదలై మళ్లీ ఆగిపోతే, కంగారుపడి ప్లగ్గులు విప్పకండి. ముందు ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి ఉందో లేదో చూడండి. మూసి ఉంటే పెట్రోలు తగ్గే కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, గొట్టం మధ్యలోని రబ్బరు బుడ్డి చప్పగా అతుక్కుపోతుంది.

7.8 గేరు పెట్టె, వల నూలు

వంద గంటలకు ఒకసారి, లేదా ఆరు నెలలకు, గేరు నూనె మార్చాలి. నింపేటప్పుడు పై నుంచి పోయకూడదు. కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రం నుంచి పొంగాక ముందు పైది, తరువాత కిందిది మూయాలి. అప్పుడే లోపల గాలి మిగలదు. వేట పడవలకు ఇక్కడ ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. తెగిన నైలాను నూలు ప్రొపెల్లర్ వెనుక షాఫ్టుకు చుట్టుకుని, తిరుగుతూ వేడెక్కి, రబ్బరు సీలును కత్తిలా కోస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. గేరు పెట్టెలోకి నీరు దిగడం మొదలవుతుంది. నెలకు రెండుసార్లు ప్రొపెల్లర్ ఊడదీసి షాఫ్టు చుట్టూ చూడండి, నూలు ఉంటే తీసేయండి, గ్రీజు రాసి బిగించండి. పావుగంట పని.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మోటారు పడవలకూ వర్తిస్తుంది. పంపు చక్రం, ఆనోడ్‌లు, గేరు నూనె, ప్లగ్గులు, ఇంధన ఫిల్టరు మార్చడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఏప్రిల్ చివరి వారంలోనే చేయించండి. జూన్ మొదటి వారంలో ప్రతి మెకానిక్ దగ్గరా వరుస ఉంటుంది, పని తొందరలో జరుగుతుంది. ఒక చిన్న నోటుపుస్తకంలో ఇంజను నడిచిన గంటలు, మార్చిన భాగం, తేదీ రాస్తూ ఉండండి. రేపు ఇంజను అమ్మేటప్పుడు కూడా ఆ పుస్తకం ధర పెంచుతుంది.

7.9 ఎర్ర తాడు, మునిగిన ఇంజను

కొత్త ఇంజనుతో ఒక చుట్టల ఎర్ర తాడు వస్తుంది. ఒక కొస ఇంజను స్విచ్చుకు, మరో కొస నడిపేవారి నడుముకో మణికట్టుకో తగిలించుకోవాలి. మనిషి నీటిలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. దాన్ని స్విచ్చుకు శాశ్వతంగా కట్టేసి వదిలేయడం చాలా చోట్ల అలవాటు. నడిపేవారు లేని పడవలో పిడి పక్కకు వాలిపోతుంది, పడవ గుండ్రంగా తిరిగి పడిన మనిషి మీదికే వస్తుంది, ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది. ఒంటరిగా వెళ్లేవారికైతే ఆగని పడవ దూరంగా పోవడం కూడా అంతే ప్రమాదం. లైఫ్ జాకెట్ వేసుకున్నా ఈ తాడు కట్టుకోవాలి.

ఇంజను బిగించిన మరలు అదురుకు వదులవుతాయి. ప్రతి ప్రయాణానికి ముందు బిగించి, ఇంజనుకూ పడవకూ మధ్య ఒక గొలుసు వేయండి. అయినా ఎప్పుడో ఒడ్డు అలల్లో పడవ తిరగబడి ఇంజను మునగవచ్చు. అప్పుడు మొదటి రెండు మూడు గంటలే కీలకం. ఉప్పునీటిలో ఉన్నప్పటి కన్నా బయటికి తీసి గాలి తగిలాకే తుప్పు వేగంగా పడుతుంది. మూత తీసి మంచినీటితో బాగా కడగండి. ప్లగ్గులు విప్పి, తాడు నెమ్మదిగా లాగి సిలిండర్లలోని నీరు బయటికి పంపండి. లాగుతుంటే గరగరలాడినా, బిగుసుకున్నట్లు ఉన్నా ఇసుక పోయిందన్న మాట. మరి లాగకండి. ఇసుక లేదనుకుంటే కార్బురేటర్ ఖాళీ చేసి, ప్లగ్ రంధ్రాల్లో కాస్త ఆయిలు పోసి, నాలుగు స్ట్రోకుల ఇంజనైతే ఆయిలు పూర్తిగా మార్చి, కొత్త పెట్రోలుతో డ్రమ్ములో పెట్టి మొదలుపెట్టి కనీసం అరగంట నడపండి. నడుస్తుండగా మునిగిన ఇంజనైతే లోపల కడ్డీలు వంగి ఉండవచ్చు, దాన్ని మీరు తిప్పే ప్రయత్నం చేయవద్దు. మెకానిక్ ఆ రోజు దొరకకపోతే ఇంజనును ఆరబెట్టకండి. అతను వచ్చేదాకా మంచినీటి డ్రమ్ములో పూర్తిగా ముంచి ఉంచండి.